పద్యనాటకంలో రాగమూ, పాత్రా

మన పద్యనాటకాన్ని గురించి విద్యావంతుల్లో రెండు అభిప్రాయాలు చాలాకాలంగా ప్రచారంలో వున్నాయి. పద్యనాటకం అసహజమైనదనీ, కొడుకు చచ్చిపడివుంటే తండ్రి రాగాలాపన చేయడం కంటె హాస్యాస్పదమైన విషయం మరొకటి లేదనీ, కాబట్టి అది నశించడమే మేలనీ ఒక అభిప్రాయం. పద్యం తెలుగువాడి సొత్తనీ, నాటకంలో పద్యం పోతే తెలుగుదనమే పోతుందనీ, దాన్ని వున్నదున్నట్టు కాపాడుకోవాలనీ రెండవది. మొదటి అభిప్రాయం మనవాళ్లలో, అంటే వామపక్ష భావాలు గల అధ్యాపకుల్లోనూ విద్యార్థుల్లోనూ యెక్కువ. రెండవది సన్మానసభల్లో యెక్కువ. పైకి యీ రెండూ బద్ధవిరోధులుగా కనిపిస్తాయి గాని, ఒక విషయంలో రెంటికీ పొత్తు కుదిరింది. నాటకంలో రాగం నిజంగా చేసే పని యేమిటని రెండూ అడగవు. ఒకరు వినకుండానే చెవులు మూసుకుంటారు. మరొకరు వినకుండానే చప్పట్లు కొడతారు.

నాకు ముఖ్యమనిపించే ప్రశ్న వేరు. రంగస్థలం మీద వినిపించే రాగం యెవరి చేతిలో వున్నది? రాసిన కవి చేతిలోనా, పాడే నటుడి చేతిలోనా, డబ్బు పెట్టిన కాంట్రాక్టరు చేతిలోనా, ముందు చాపలమీద కూర్చున్న జనం చేతిలోనా? పాత్ర స్వభావాన్నీ మనోభావాన్నీ సంగీతం వ్యక్తం చేయగలదా లేదా అన్నది ఒక్క సంగీతశాస్త్రంలోనే తేలే విషయం కాదు. రాగం చేతులు మారినప్పుడల్లా అది చేసే పని కూడా మారింది. 1880 నుంచి నేటివరకు మన నాటకచరిత్రను యీ దృష్టితో చూస్తే, పాత వాదాలకు అందని కొన్ని విషయాలు బయటపడతాయి.

సంగీతంతో పాత్రను నిలబెట్టడం మనకు పరాయివాళ్లు నేర్పిన విద్య కాదు. యక్షగానంలోనూ, వీధిభాగవతంలోనూ, కూచిపూడివారి కలాపంలోనూ ప్రధానపాత్ర ప్రవేశదరువుతో వస్తుంది. భామాకలాపాన్నే తీసుకోండి. సత్యభామ యింకా కనిపించదు. ఇద్దరు పట్టుకున్న తెర వెనక వుంటుంది. ముందు ఆమె జడ తెరమీదుగా యివతలికి పడుతుంది. ఆ తర్వాత భైరవిలో దరువు అందుకుని తానెవరో, తన అంతస్తు యేమిటో, కృష్ణుడి దగ్గర తన చనువెంతో ఆమే చెప్పుకుంటుంది. ముఖం కంటె ముందు గొంతు వస్తుంది. కథ కంటె ముందు స్వభావం వస్తుంది. దరువుకు తాళం వుంది, తాళానికి నడక వుంది, ఆ నడకే సత్యభామ నడక. ఇంతటితో ఆగితే యిదొక ఆత్మస్తుతి అవుతుంది. కాని పక్కన సూత్రధారుడున్నాడు. అతడు పలకరిస్తాడు, మేలమాడతాడు, ఆమె గొప్పలకు అడ్డుప్రశ్నలు వేస్తాడు. అంచేత ప్రేక్షకుడు సత్యభామ పాడుకున్నదంతా నిజమని నమ్మి కూర్చోడు. పాత్ర తన్ను గురించి తాను పాడుకోవడమూ, ఆ పాటను పక్కనున్నవాడు నిలదీయడమూ కలిసే సాగుతాయి. యీ సూత్రధారుణ్ణి పాఠకులు కొంచెం జ్ఞాపకం పెట్టుకోవాలి. అతడితో మళ్లీ పని పడుతుంది.

1880లో ధార్వాడ నాటక సమాజం ఆంధ్రదేశానికి వచ్చి ప్రదర్శనలిచ్చింది. అదే యేట రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం విద్యార్థుల చేత నాటకం ఆడించారు. పూనాలో అణ్ణాసాహెబు కిర్లోస్కరు సంగీత శాకుంతలాన్ని ప్రదర్శించింది కూడా 1880లోనే. కొత్తగా తలయెత్తిన మధ్యతరగతి, అంటే వకీళ్లు, పంతుళ్లు, గుమాస్తాలు, తనకొక వినోదం కావాలనుకున్న కాలమది. వాళ్లకు రంగుల తెరలు కావాలి, కుర్చీలు కావాలి, టిక్కెట్టు కావాలి. వీధినాటకమంటే చిన్నచూపు. అయితే పాట మీద మోజు మాత్రం వాళ్లకూ పోలేదు. బళ్లారిలో సరసవినోదినీ సభ స్థాపించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) ఆ మోజును గుర్తించి, తెలుగు నాటకంలో పద్యాలతోపాటు పాటలు ప్రవేశపెట్టారు. పార్శీ మట్లు వచ్చాయి, హార్మోనియం వచ్చింది. పాత దరువు పోయింది. దరువుతోపాటు, యెవరూ పెద్దగా గమనించకుండా, పక్కన నిలబడి ప్రశ్నించే సూత్రధారుడూ పోయాడు. సంస్కృత మర్యాద కోసం నాందీప్రస్తావనల్లో మిగిలాడంటే మిగిలాడు, అంతే. కొత్త రంగస్థలం మీద పాత్ర పాడితే ఆ పాటకు అడ్డు చెప్పేవాడు లేడు. రాజు తన గొప్ప తాను పాడితే అది గొప్పే. రాజు తన దుఃఖం తాను పాడితే లోకంలో అంతకు మించిన దుఃఖం లేదు.

ధర్మవరం వారి మేనల్లుడే బళ్లారి రాఘవ (1880-1946). మేనమామ పాట తెస్తే మేనల్లుడు దానిమీద యుద్ధం ప్రకటించాడు. ఇది కుటుంబకలహం కాదు. రెండు తరాల మధ్య పెరిగిన దృక్పథభేదం. సంగీతం నటనను మింగేస్తున్నదనీ, పాత్ర చచ్చి గాయకుడు బతుకుతున్నాడనీ రాఘవ వాదం. ఆయన పెద్ద నటుడు. ఆయన చూసిన జబ్బు నిజమైనదే. కాని దాని మూలం సంగీతంలో వుందనుకోవడం దగ్గర నేను ఆయనతో ఏకీభవించలేను. గురజాడ కన్యాశుల్కం వచనంలో పాత్రలను యెంత సజీవంగా నిలబెట్టిందో తెలిసినవాళ్లం కనుక, వచనమే జీవితం, పద్యమే కృత్రిమం అని మనం తేల్చేస్తాం. అలా తేల్చేముందు ఒక పద్యం రంగస్థలం మీద యెలా పని చేస్తుందో ఒకసారి విడదీసి చూడడం మంచిది.

నాటకపద్యానికి తాళం లేదు. కీర్తనకూ దానికీ అసలు తేడా యిక్కడే వుంది. ఛందస్సుకు గణాలున్నాయి, యతి వుంది, ప్రాస వుంది. కాని పాడేవాడు ఆ గణాలకు కట్టుబడి నడవడు. మాటల అర్థాన్నిబట్టి ఒక చోట తొందరపడతాడు, ఒక చోట నిలుస్తాడు, ఒక మాటను నొక్కుతాడు, మరొక మాటను జారవిడుస్తాడు. పాదం చివర గాని, పద్యం చివర గాని అచ్చు మీద నిలిచి రాగం తీస్తాడు. అంటే పద్యంలో రెండు భాగాలున్నాయి: మాట నడిచే భాగం ఒకటి, మాట ఆగిపోయి స్వరం మాత్రమే నడిచే భాగం మరొకటి. మొదటి భాగంలో పాత్ర ఆలోచిస్తుంది, వాదిస్తుంది, అడుగుతుంది, బెదిరిస్తుంది. రెండవ భాగంలో ఆ మాట పాత్ర మీద యేం ముద్ర వేసిందో వినిపిస్తుంది. యీ రెంటికీ పొందిక కుదిరినప్పుడు వచనం చేయలేని పని పద్యం చేస్తుంది. మాట ఒకటి చెబుతూ వుంటే స్వరం మరొకటి చెప్పగలదు. మనిషి లోపల వుండే వైరుధ్యాన్ని ఒకే క్షణంలో వినిపించడానికి యింతకంటె పదునైన సాధనం నాటకానికి దొరకడం కష్టం.

తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగ విజయాల్లో పడకసీను దీనికి చక్కని నిదర్శనం. యుద్ధానికి సాయమడగడానికి దుర్యోధనుడు ముందు వచ్చి తలవైపు కూర్చున్నాడు, అర్జునుడు తర్వాత వచ్చి కాళ్ల దగ్గర నిలిచాడు. నిద్ర నటిస్తున్న కృష్ణుడు లేచి, ముందు అర్జునుణ్ణి చూసి, తర్వాత దుర్యోధనుణ్ణి బావా అని పలకరించి ఇంటివాళ్ల క్షేమసమాచారాలు పేరుపేరునా అడుగుతాడు. ఆ పద్యం తెలియని పల్లె కోస్తాలో వుండదు. నిజంగా యింటికొచ్చిన బావమరుదుల్ని ఆ పద్యంతోనే ఆటపట్టించేవాళ్లున్నారు. అందులో మాటలన్నీ వాడుకభాషకు కూతవేటు దూరంలో వున్నాయి. అందులో వున్నదల్లా బంధుప్రీతి. రాగం కూడా మెత్తనిది, తీయనిది. మాటా తీయనిదే, రాగమూ తీయనిదే అయితే వైరుధ్యం యెక్కడుంది? సన్నివేశంలో వుంది. దుర్యోధనుడు ముందు వచ్చాడని కృష్ణుడికి తెలుసు, ప్రేక్షకుడికీ తెలుసు. ఆ తీపి రాజకీయం. పాడేవాడు ఆ తీపిని యెంత నిజంగా పాడితే కృష్ణుడు అంత ప్రమాదకరమైనవాడుగా కనిపిస్తాడు. రాగం యిక్కడ భావాన్ని వెల్లడించడం లేదు, దాస్తున్నది. దాచడమే ఆ పాత్ర స్వభావం కాబట్టి, దాచడం ద్వారానే వెల్లడిస్తున్నది.

అదే కృష్ణుడు రాయబారంలో కౌరవసభకు వెళతాడు. కనీసం అయిదు వూళ్లయినా యిమ్మని అడగడం దగ్గర మొదలుపెట్టి, యివ్వకపోతే యేం జరుగుతుందో యెత్తిచెప్పడం దాకా నడుస్తాడు. ప్రార్థన, హితవు, హెచ్చరిక, బెదిరింపు. ఒకే గొంతు యీ మెట్లన్నీ యెక్కాలి. పడకసీనులో బావా అని పిలిచిన గొంతే యిక్కడ బెదిరించాలి. అప్పుడే ఆ బెదిరింపుకు బరువు. ఆ గొంతులో పాత తీపి యింకా యెక్కడో తగులుతూ వుండాలి. పీసపాటి నరసింహమూర్తి రికార్డుల్లో పద్యం మాటకు దగ్గరగా నడుస్తుంది, అర్థం ముందుకొస్తుంది. షణ్ముఖి ఆంజనేయరాజు గొంతులో మాధుర్యం ముందుకొస్తుంది. ఇద్దరి కృష్ణులూ వేరు. ఇద్దరిలో యెవరు గొప్ప అనే తగాదాలో నాకు ఆసక్తి లేదు. ఒకే పద్యానికి యిద్దరు మనుషులు రెండు స్వభావాలు యివ్వగలిగారంటే, రాగం పాత్రపోషణకు పనికిరాదన్న వాదానికి అదే జవాబు.

మరి రాఘవ చూసిన జబ్బు యెక్కడిది? దీనికి జవాబు రాగాల్లో కాక, నాటకం నడిచిన ఆర్థికవ్యవస్థలో వెతకాలి.

కాంట్రాక్టు నాటకమంటే యేమిటో నేటి విద్యార్థుల కోసం రెండు మాటలు. ఒక వ్యాపారి వేర్వేరు వూళ్లనుంచి పేరున్న నటులను రాత్రికింతని మాట్లాడుకుంటాడు. గోడలమీద వాళ్ల పేర్లు పెద్ద అక్షరాల్లో అచ్చువేస్తాడు. నటులు సాయంత్రానికి దిగుతారు, మొగానికి రంగు వేసుకునే చోట ఒకరినొకరు కలుసుకుంటారు. పద్యాలు అందరికీ కంఠతా వచ్చు కాబట్టి రిహార్సలుతో పని లేదు. జనాన్ని రప్పించాలంటే ఒక్క కృష్ణుడు చాలడు. అంచేత మొదటి కృష్ణుడు, రెండవ కృష్ణుడు, మూడవ కృష్ణుడు. ఒకాయన పడకసీను పాడి కిరీటం తీసి కూర్చుంటాడు. మరొకాయన రాయబారానికి లేస్తాడు. ఇప్పుడు పాఠకులే ఆలోచించాలి. బావా అని తీయగా పలికినవాడు బెదిరించవలసిన అవసరం లేదు. బెదిరించేవాడికి ఆ తీపితో సంబంధం లేదు. పాత్రలోని వైరుధ్యం ముక్కలై, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క నటుడి సొంత సరుకు అయింది. సంగీతం తగ్గలేదు, పెరిగింది. పెరిగిన సంగీతం వ్యక్తం చేసేందుకు అక్కడ పాత్ర లేదు.

గ్రామఫోను కూడా యీ పనికి తనవంతు సాయం చేసింది. రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు పాడుతుంది. ఒక పద్యం, దానికి తగిన రాగం, ఆ మూడు నిమిషాలకు సరిగ్గా సరిపోతాయి. సన్నివేశం సరిపోదు. పద్యాన్ని సన్నివేశం నుంచి ఊడబెరికి అమ్మవచ్చునని రికార్డు నేర్పింది. రికార్డులో విన్న రాగాన్నే రంగస్థలం మీద కూడా వినాలని శ్రోత కోరాడు. సరుకుకు అలవాటు పడినవాడు సరుకునే అడుగుతాడు. అందులో అతడి తప్పేమీ లేదు.

ఇక హార్మోనియం సంగతి. దాని మెట్లు స్థిరమైనవి; స్వరానికీ స్వరానికీ మధ్య వుండే గమకం దానిమీద పలకదు. ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించి, 1971లో గాని సడలించలేదు. శాస్త్రీయ సంగీతవాదులు దాన్ని యెంత తిట్టినా నాటకానికి అది చవక, గట్టి, దూరానికి వినిపిస్తుంది, బండిలో వేసుకుని పోవచ్చు. నా అభ్యంతరం గమకం గురించి కాదు. మైకులు లేని కాలంలో వేలమందికి వినిపించాలంటే నటుడు హెచ్చుశ్రుతిలో పాడక తప్పలేదు. ఎంత హెచ్చుశ్రుతి అంటే అంత మొనగాడు అనే లెక్క ప్రబలింది. అందరూ ఒకే హార్మోనియం ముందు, ఒకే యెత్తులో పాడుతుంటే ధర్మరాజు శాంతమూ, దుర్యోధనుడి పట్టుదలా, హరిశ్చంద్రుడి అలసటా ఒకే గొంతులా వినిపించసాగాయి. మైకు వచ్చిన తర్వాత మెల్లగా పాడే వీలు కలిగింది. ఆ వీలు వాడుకున్నవాళ్లు తక్కువ. మొనగాడితనానికి అప్పటికే రేటు కట్టివుంది.

ఇక్కడ బెర్లినులో జరిగిన ఒక ప్రయత్నం గుర్తుకొస్తుంది. 1928లో బ్రెహ్టు, కుర్టు వైల్ కలిసి ప్రదర్శించిన త్రీ పెన్నీ ఆపెరాలో, పాట వచ్చినప్పుడల్లా దీపాలు మార్చి, పాట పేరు తెరమీద చూపించారు. నటుడు యిప్పుడు పాడుతున్నాడని ప్రేక్షకుడికి స్పష్టంగా తెలియాలని, పాత్ర ఆవేశంలో మునిగిపోకుండా ఆలోచించాలని ఆయన ఉద్దేశం. మన కాంట్రాక్టు నాటకంలో కూడా నటుడు పాత్రనుంచి విడివడి, ముందుకు వచ్చి, మైకు పట్టుకుని పాడాడు. పైకి రెండూ ఒకటే. కాని బ్రెహ్టు విడదీసింది ఆలోచన కోసం. మనవాళ్లు విడదీసింది గిరాకీ కోసం. సాధనం ఒకటైనా, అది యెవరి చేతిలో వున్నదన్న ప్రశ్న మళ్లీ మళ్లీ యిలాగే యెదురవుతుంది.

నటుడు చేసిన ప్రతి చేర్పూ పాత్రకు ద్రోహమేనని దీన్నిబట్టి అనుకోనక్కరలేదు. స్థానం నరసింహారావు (1902-1971) శ్రీకృష్ణతులాభారంలో సత్యభామగా పాడిన ప్రసిద్ధమైన పాట నాటకకర్తది కాదు. స్థానంవారు స్వయంగా రాసి చేర్చుకున్నది. తర్వాత 1966లో తీసిన చలనచిత్రంలో కూడా దాన్ని వాడుకున్నారు. కృష్ణుడు తన ఆనతి దాటలేడని సత్యభామ ధీమాగా పాడుకునే పాట అది. తర్వాత తులాభారంలో ఆమె బంగారమంతా తూగక, రుక్మిణి వేసిన తులసిదళం తూగుతుంది. ముందు ఆ ధీమా మన చెవుల్లో మోగకపోతే తర్వాతి ఓటమికి బలం లేదు. కలాపంలోని ప్రవేశదరువు చేసిన పనే యీ పాట చేసింది. బాపట్లనుంచి వచ్చిన ఒక నటుడు, స్త్రీవేషం వేసిన పురుషుడు, పాతదరువు పోయిన చోట మళ్లీ ఒక దరువు కట్టుకున్నాడు. సూత్రధారుడు మాత్రం లేడు; ఆ పనిని కథే చేసింది.

ఆ సూత్రధారుణ్ణి మళ్లీ రంగస్థలం మీదికి తెచ్చింది ప్రజానాట్యమండలి. 1943లో యేర్పడిన యీ సంస్థ గరికపాటి రాజారావు వంటివారి నాయకత్వంలో మాభూమి లాంటి నాటకాలను పల్లెలకు తీసుకుపోయింది. సుంకర, వాసిరెడ్డి కలిసి 1947లో రాసిన ఆ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది కూడా. ఆ చరిత్ర మన పాఠకులకు తెలిసినదే. సంగీతం విషయంలో దాని అసలు సాధన బుర్రకథ అని నా అభిప్రాయం. నడుమ తంబురాతో కథకుడు, రెండు పక్కలా గుమ్మెటలతో వంతలు. వంతల్లో ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు ఒక క్షణం నాగమ్మ, మరుక్షణం బ్రహ్మనాయుడు. అతడు వీరావేశంలో పాడుతూ వుండగానే హాస్యగాడు అడ్డు తగిలి, ఇదెందుకిలా జరిగిందని అడుగుతాడు. రాజకీయంవాడు దాన్ని నేటి కాలానికి ముడిపెడతాడు. పాత్ర పాడుతుంది, పక్కవాడు నిలదీస్తాడు. పొన్నెకల్లు నాజర్ (1920-1997) శాస్త్రీయ సంగీతం నేర్చినవాడు, నాటకాల్లో వేషాలు వేసినవాడు. ఆ రాగజ్ఞానమంతా ఆయన బుర్రకథలోకి తెచ్చాడు. ఆయన గొంతులో కరుణ యెంత సాగినా, ఒక గుమ్మెటదెబ్బతో తెగిపోతుంది. ఏడుపు తెగినచోట వినేవాడు ఆలోచిస్తాడు. 1986లో ఆయనకు పద్మశ్రీ యిచ్చారు. ఆ పద్ధతిని మన నాటకకర్తలు యెంతవరకు అధ్యయనం చేశారన్నది వేరే సంగతి.

యింతవరకు చెప్పినదాన్నిబట్టి, నటుడి చేతికి రాగం పోవడం, పద్యం సన్నివేశం నుంచి ఊడిపోవడం కేవలం నష్టమనే తేలుతుంది. కాని చరిత్ర అంత తిన్నగా నడవదు. ఆ వదులుతనంలోనుంచే, యే కాంట్రాక్టరూ వూహించని ఒక మార్పు జరిగింది. అది హరిశ్చంద్ర కాటిసీనులో.

బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి సత్యహరిశ్చంద్రీయం యెంత ప్రచారం పొందిందో చెప్పనక్కరలేదు. మాట తప్పని రాజు రాజ్యం పోగొట్టుకుని, భార్యాబిడ్డలను అమ్ముకుని, చివరకు కాటికాపరి వీరబాహుడికి అమ్ముడుపోతాడు. శ్మశానంలో కావలి కాస్తాడు. పురాణకథ ప్రకారం రాజుకు యింతకంటె పతనం లేదు. పతనమెందుకంటే, ఆ పని కులం చేత నీచమైనది. కాటిసీనులోని కరుణరసమంతా యీ పునాది మీద నిలబడింది. నటుడు తీసే రాగం యీ పతనాన్ని గురించే.

నేను హరిశ్చంద్ర పాఠం చెప్పేటప్పుడు పద్యాలు వినిపించి, కరుణరసం గురించి చెప్పవలసిందంతా చెప్పాను. వెనక బెంచీలో కూర్చునే ఒక విద్యార్థి లేచి, "సార్, ఆ పని మా తాతగారిది. ఆ పని చేయవలసి వచ్చినందుకే రాజు అంత యేడుస్తుంటే, మేము యెవరి కోసం యేడవాలి?" అని అడిగాడు. క్లాసులో కాసేపు యెవరూ మాట్లాడలేదు. రససిద్ధాంతంలో యీ ప్రశ్నకు జవాబు లేదు. సంగీతం ప్రేక్షకుడి కన్నీటిని ఒక దిక్కుకు మళ్లిస్తుంది. ఆ దిక్కు నిర్ణయించేది రాగం కాదు. పాడే హక్కు యెవరికి యిచ్చారన్నది. కాటిలో రాజుకు పద్యాలున్నాయి. అదే కాటిలో పుట్టిపెరిగి, జీవితమంతా అక్కడే గడిపినవాడికి యేపాటి రాగమిచ్చారు? అతడిది నవ్వించే వేషం.

ఇప్పుడు యీ సీనులో జరిగిన మార్పు చూడండి. గుర్రం జాషువా (1895-1971) శ్మశానవాటి అనే ఖండిక రాశారు. అది యే నాటకం కోసమూ రాసినది కాదు. అందులో హరిశ్చంద్రుడూ లేడు. కవి, రాజు, కొత్తపెళ్లికూతురు, చిత్రకారుడు అందరూ ఒకే మట్టిలో కలిసిపోయే చోటును గురించిన పద్యాలవి. అంటరానితనానికి అక్కడ కాలుమోపే చోటు లేదన్న భావం వాటిలో స్పష్టంగా వున్నది. రాసినవాడు ఆ అంటరానితనాన్ని స్వయంగా అనుభవించినవాడు. హరిశ్చంద్ర వేషధారులు యీ పద్యాలను తీసుకుని కాటిసీనులో పాడసాగారు. బలిజేపల్లివారి పద్యాల మధ్య జాషువా పద్యాలు చేరిపోయాయి. జనం విన్నారు, కావాలన్నారు. కాలక్రమాన అవి లేకపోతే కాటిసీను కాదనే స్థితి వచ్చింది. డి.వి. సుబ్బారావు వంటి ప్రసిద్ధ హరిశ్చంద్రుల గొంతులో యీ పద్యాలు క్యాసెట్ల ద్వారా కూడా యింటింటికీ వెళ్లాయి. నాటకకర్త అనుమతితో జరిగే కట్టుదిట్టమైన నాటకమైతే యిది సాధ్యమయ్యేది కాదు. పద్యం సన్నివేశం నుంచి ఊడి రాగలిగింది కాబట్టే, మరొకరి పద్యం ఆ సన్నివేశంలో వచ్చి కూర్చోగలిగింది.

దీనితో కాటిసీను అంతర్గతంగా చీలిపోయింది. నాటకం ప్రకారం శ్మశానం రాజు పతనస్థానం. జాషువా ప్రకారం అది రాజూ పేదా తేడా లేని ఒకే ఒక్క చోటు. మొదటి చూపుకు అక్కడ వుండవలసి రావడం అవమానం. రెండవ చూపుకు అది బయటిలోకానికి అవమానం. ఒకే నటుడు, ఒకే వేషంలో, చాలాసార్లు ఒకే రాగచ్ఛాయలో రెండూ పాడతాడు. హరిశ్చంద్రుడు యెవరి మాట పాడుతున్నాడో ప్రేక్షకుల్లో చాలామందికి తెలియదు. రాజుగొంతులో అంటబడనివాడి తీర్పు వినిపిస్తున్నది. నాకు తెలిసినంతలో మన రంగస్థలం మీద యింతకంటె పెద్ద వైరుధ్యం లేదు. దాన్ని మన విమర్శకులు "కాటిసీనులో జాషువా పద్యాలు కూడా పాడుతారు" అని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు.

అయితే ఆ తీర్పు వినపడుతుందా, దుఃఖంలో కలిసిపోతుందా అన్నది పాడే తీరును బట్టి వుంటుంది. చాలామంది యీ పద్యాలను కూడా రాజుగారి దుఃఖంగానే పాడతారు. పాదం చివర అచ్చు పట్టుకుని రెండు మూడు నిమిషాలు రాగం తీస్తారు. హార్మోనిస్టు వెంట పరుగెత్తుతాడు. ఆ ప్రవాహంలో మాట కొట్టుకుపోతుంది. రాగం ఆగేసరికి, అంతకు ముందు అన్న మాట యేమిటో వినేవాడికి జ్ఞాపకం వుండదు. కరుణ వుంటుంది, దేని గురించి కరుణో వుండదు. చప్పట్లు మాత్రం తప్పకుండా వుంటాయి.

రెండవ తీరు అరుదు. పల్నాడులో ఒక తిరునాళ్లలో, ఊరూపేరూ పెద్దగా లేని ఒక నటుడు పాడగా విన్నాను. తెల్లవారుజాము మూడు దాటింది. బలిజేపల్లివారి పద్యాలకు అతడూ అందరిలాగే రాగం తీశాడు, బాగానే తీశాడు. జాషువా పద్యాలు వచ్చేసరికి గొంతు దించాడు. అంటరానితనం మాట వచ్చే పాదంలో రాగం మొత్తం మానేసి, ఆ మాటను యెదురుగా వున్నవాళ్లతో మాట్లాడినట్టు పలికి ఆగాడు. హార్మోనిస్టు అలవాటు చొప్పున స్వరం అందించబోయి, అందుకునేవాడు లేక ఆపేశాడు. వన్స్‌మోర్ అన్నది ముందు వరసలోని కుర్చీలు కాదు. వెనక, దీపాల వెలుగు సరిగా పడనిచోట నిలబడ్డవాళ్లు. నటుడు వాళ్లవైపు చూసి, హార్మోనిస్టును చేత్తో వారించి, శ్రుతి ఒక్కటే వుంచుకుని, ఆ పద్యం మళ్లీ మొదటినుంచి యెత్తుకున్నాడు.